మా వాడి పన్ను దక్కించిన వాళ్లందరికీ

నమస్కారమండీ. మా అక్క కొడుక్కి 14 ఏళ్లు. అక్క కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, వాడు ఏలూరులో మా అమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. పోయిన నెల స్కూల్లో కబడ్డీ ఆడుతుంటే ఎదుటి కుర్రాడి మోచెయ్యి తగిలి పై ముందు పన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. ఇప్పుడు అదే పన్ను మళ్లీ వాడి నోట్లో ఉంది. అందుకు కారణమైన ఒక్కొక్కరికీ దండం పెట్టుకోవాలని రాస్తున్నాను.

ముందు పీఈటీ సార్‌కి. రక్తం చూసి అందరూ కంగారుపడుతుంటే ఆయన పన్ను కోసం వెతికారు. వేరు ముట్టుకోకుండా తెల్లటి భాగం పట్టుకుని తీసి, రుద్దకుండా నీళ్లతో ఒక్కసారి కడిగారు. అక్కడే చిగుట్లో పెట్టేద్దామని చూశారు గానీ వాడు నొప్పికి నోరు తెరవనిస్తేగా! ఎదురుగా టీకొట్టు బాబాయి కొత్త పాల ప్యాకెట్ కోసి గ్లాసులో పోసిస్తే అందులో వేశారు. వేరు మీదుండే సన్నటి పొర గాలికి ఆరిపోతే గంటలోపే పాడైపోతుందట, చల్లటి పాలల్లో ఉంటే ఇంకాసేపు బతుకుతుందట. ఇది ప్రతి స్కూల్లోనూ తెలిసి ఉండాలండీ.

అమ్మ మోకాళ్ల నొప్పులతో కదల్లేదు, నేను షాపులో డ్యూటీలో ఉన్నాను. పక్కింటి వదిన చంటిదాన్ని అత్తగారికి అప్పగించి, స్కూలుకి పరిగెత్తి, ఆ గ్లాసు పట్టుకుని ఆటో ఎక్కింది. నీ రుణం ఎలా తీర్చుకోను వదినా.

ఇక డాక్టరమ్మ. పన్ను గుంటలో కూర్చోబెట్టి, పక్క పళ్లతో కలిపి సన్నటి తీగ కట్టారు. రెండు వారాలకు తీగ తీశారు, రూట్ కెనాల్ చేశారు, డబ్బు వాయిదాల్లో ఇమ్మన్నారు. ఇంకా కొన్నేళ్లు చూపించుకుంటూ ఉండాలి. ఈ వయసులో పన్ను పోతే, దవడ ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంట్ (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) కూడా వేయరట.

వాడితో ఒంటరిగా కూర్చుని, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరైనా కొడుతున్నారా అని కూడా ఆవిడ నెమ్మదిగా అడిగారు. బ్రెజిల్‌లో 13 ఏళ్ల పిల్లల మీద చేసి 2003లో ప్రచురించిన అధ్యయనం గురించి నాకు చెప్పారు. అమ్మానాన్నలిద్దరి దగ్గరా పెరగని పిల్లల్లో, తండ్రి చేతిలో ఎక్కువ శిక్షలు పడే పిల్లల్లో పంటి దెబ్బలు ఎక్కువ కనిపించాయట. ఇంటి సంగతి బయటికి చెప్పుకోలేని పిల్లలు కొందరు ఉంటారు, అందుకే అందర్నీ అడుగుతానన్నారు. మావాడి పళ్లు కాస్త ఎత్తు, అలాంటి పళ్లకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువట. క్లిప్పులు వేయించాలని అక్క ఎప్పటినుంచో అనుకుంటోంది, డబ్బు కుదరలేదు.

తల్లి దగ్గర లేని పిల్లాడు మరి, అని ఒకరిద్దరు అన్నారు. ఆ మాట చేరి అక్క ఫోన్లో ఒకటే ఏడుపు. డాక్టరమ్మ వీడియో కాల్‌లో, "మీరు అక్కడ కష్టపడబట్టేగా అమ్మా ఈ వైద్యం జరుగుతోంది" అన్నారు. ఆ ఒక్క మాటకి మా ఇంటిల్లిపాదీ ఆవిడకి రుణపడి ఉంటాం.

ఆ రోజు మిగతా ప్యాసింజర్లను దింపేసి వీళ్లిద్దరినే తీసుకెళ్లి, పైసా కూడా తీసుకోకుండా వెళ్లిపోయిన ఆటో అన్న ఎవరో మాకు తెలియదు. ఏలూరు వాళ్లలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, పిల్లాణ్ణి తీసుకెళ్లి చూపించాలి.