రోబో వీడియో వెనక పని గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ కెరీర్ పేజీలో రోబోటిక్స్, కంప్యూటర్ విజన్ (కెమెరా చూసింది కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేయడం) గురించి ఏం వచ్చినా వదలకుండా చదువుతా, నేను చేసేది ఆ ఫీల్డ్‌లోనే రీసెర్చ్ ఇంజినీర్ ఉద్యోగం. కానీ ఎప్పుడు చూసినా పైథాన్, డీప్ లెర్నింగ్, పెద్ద జీతం, ఇంతే ఉంటోంది. అది చదివి వచ్చిన పిల్లలు ఏఐ మోడల్ ట్రైన్ చేయడమే ఉద్యోగం అనుకుంటున్నారు, తీరా చేరాక ముందు కెమెరా కాలిబ్రేషన్, అంటే కెమెరా కొలతలు సరిచూసి సరిచేయడం, చేయమంటే డీలా పడిపోతున్నారు.

సైంటిస్ట్ ఒక పద్ధతి కనిపెట్టి పేపర్ రాస్తారు, దాన్ని కదిలే మెషీన్ మీద, ఎండలో, దుమ్ములో పనిచేయించడం మా పని, అందులో సగం కొలతలతో కుస్తీయే. రోబో సెకనుకి 2 మీటర్ల స్పీడ్‌లో వెళ్తోంది అనుకోండి, కెమెరా గడియారానికీ దూరం కొలిచే లేజర్ సెన్సర్ గడియారానికీ 50 మిల్లీసెకన్లు తేడా ఉంటే చాలు, ఎదురుగా ఉన్న గోడ ఒకదాన్లో ఒకచోట, ఇంకోదాన్లో 10 సెంటీమీటర్ల అవతల ఉన్నట్టు వస్తుంది. అది తెలీక మోడల్ మారుస్తూ కూర్చుంటే వారాలు పోతాయి. మన రెండు కళ్లలా రెండు లెన్సులతో దూరం లెక్కగట్టే స్టీరియో కెమెరా ఐతే మరీను, దూరం రెట్టింపైతే లోతు లెక్కలో తప్పు నాలుగింతలవుతుంది.

2004లో అమెరికాలో మొజావే ఎడారిలో డార్పా (అక్కడి రక్షణ శాఖ పరిశోధన సంస్థ) వాళ్లు డ్రైవర్ లేని బండ్లకి పోటీ పెడితే ఒక్కటీ చివరిదాకా పోలేదు, అన్నిటికన్నా ఎక్కువ దూరం వెళ్లింది కూడా 12 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోయింది. మరుసటి ఏడాది 200 కిలోమీటర్లు దాటిన దారిని 5 బండ్లు పూర్తిచేశాయి, స్టాన్‌ఫర్డ్ వాళ్ల స్టాన్లీ గెలిచింది. బండి ఎటు వంగి ఉందో లెక్కలో కాస్త తేడా వచ్చినా చదునైన నేల కూడా అడ్డంకిలా కనిపించడం వాళ్లకి పెద్ద తలనొప్పి, దాన్ని ఎడారిలో మళ్లీ మళ్లీ నడిపి, రికార్డైన డేటా తవ్వి సరిచేసుకున్నారు. దగ్గర్లో లేజర్ చూపించిన మంచి రోడ్డు రంగుని కెమెరాకి నేర్పి, దాంతో ఇంకా దూరం చూసేలా చేయడం నాకైతే ఇప్పటికీ అద్భుతంగా అనిపిస్తుంది!

ఈ లైన్‌లోకి రావాలనుకునేవాళ్లు లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, సీ ప్లస్ ప్లస్ గట్టిగా నేర్చుకోవాలి. రోబోలు నడిపే సాఫ్ట్‌వేర్ రాస్, కెమెరా బొమ్మల మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సీవీ, రెండూ ఫ్రీ. చదరంగం గళ్ల కాగితం ప్రింట్ తీసి ఫోన్ కెమెరానే కాలిబ్రేట్ చేసి చూడండి, ఎర్రర్ ఎందుకు తగ్గట్లేదో వెతకడం మొదలుపెడితే అసలు ఉద్యోగం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

మీ రిపోర్టర్లకి ఒక రిక్వెస్ట్ అండి. ఎవరైనా రోబో వీడియో చూపిస్తే ఇది ఎన్నో టేక్, స్పీడ్ పెంచి చూపించారా, పక్కన ఎవరైనా రిమోట్ పట్టుకుని నడిపారా అని అడిగి, వాళ్లు చెప్పిన జవాబు కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రీసెర్చ్ ఇంజినీర్