ఆ సూదిమందు మెదడు కోసమేనే!

సుజాతా,

వదిన, బాబు ఇంటికొచ్చేశారని చదివాక నాకు ప్రాణం కుదుటపడింది. కానీ మీ అమ్మ "ఆ మందు ఎక్కించినప్పటి నుంచీ కోడలు మొద్దుబారి పడుకుంటోంది, మెదడుకేమైనా అయిందేమో" అంటోందని రాశావు చూడు, అక్కడ నవ్వూ కోపం రెండూ వచ్చాయి. అసలు ఆ మాగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్) ఇచ్చిందే మెదడు కోసమే తల్లీ!

చాలామంది అది బీపీ మందనుకుంటారు, కాదు. బీపీకి లాబెటలాల్, నిఫెడిపిన్ వేరే ఉన్నాయి. వదినకొచ్చిన ప్రీఎక్లాంప్సియాలో, అంటే గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగే జబ్బులో, గర్భంలోని మాయ నుంచి వచ్చే కొన్ని పదార్థాలు తల్లి రక్తంలో చేరి రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తాయి. మెదడులో అదే జరిగితే నాళాల నుంచి నీరు ఊరి వాపొస్తుంది. ఎక్కువగా తల వెనక భాగంలో, చూపును నడిపించే చోట. వదినకి కళ్ల ముందు మెరుపులు కనిపించాయన్నావు కదా, అందుకే డాక్టర్ అంత కంగారుపడింది. ఇంకాస్త ముదిరితే ఫిట్సే. మన ఊళ్లో ముసలమ్మలు గుర్రపువాతం అనేవాళ్లు, గుర్తుందా?

మెగ్నీషియం నాడీకణాలు అతిగా రెచ్చిపోకుండా అడ్డుపడుతుంది, మెదడు నాళాలను కాస్త వదులు చేస్తుంది. ఈ మందును పరీక్షిస్తూ 2002లో వచ్చిన మాగ్‌పై ట్రయల్‌లో 33 దేశాల నుంచి పదివేల మందికి పైగా ఆడవాళ్లున్నారు. మెగ్నీషియం తీసుకున్నవాళ్లలో ఫిట్స్ ముప్పు సగానికి పైగా తగ్గింది. ఇంతా చేస్తే అది ఎప్సమ్ సాల్టే, చవకైన ఉప్పు!

అయితే మా లేబర్ రూమ్‌లో మేం దాన్ని చాలా జాగ్రత్తగా వాడతాం. మొదట 4 గ్రాములు నరంలోకి మెల్లగా ఎక్కిస్తే ఒళ్లంతా వేడెక్కిపోతుంది, కొందరికి వాంతి వచ్చినట్టుంటుంది. తర్వాత పిరుదుల్లో చెరో 5 గ్రాములు. ఆ నొప్పి పగవాళ్లకి కూడా వద్దు. "అర్ధరాత్రి లేపి మోకాలి మీద సుత్తితో కొట్టారు" అని వదిన విసుక్కుందట కదా? మోతాదు ఎక్కువైతే ముందు పోయేది మోకాలి కుదుపే, ఆ తర్వాతే ఊపిరి మందగిస్తుంది. అందుకే ఆ సుత్తి. నిమిషానికి 16 శ్వాసలైనా ఉన్నాయా, గంటకి 30 మిల్లీలీటర్ల మూత్రమైనా వస్తోందా అని కూడా చూస్తాం, ఎందుకంటే మందు బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ మంచం పక్కనే రెడీగా ఉంటుంది.

కాబట్టి వదినకి ఆ మత్తంతా ఇంజెక్షన్ పనిచేసినంతసేపే. కిడ్నీలు బాగుంటే ఒకటి రెండు రోజుల్లో అంతా కడుక్కుపోతుంది. ఇప్పటి నీరసానికి నిద్రలేమి, పోయిన రక్తం ఉండనే ఉన్నాయి. హిమోగ్లోబిన్ ఎంతుందో అడిగారా?

అన్నయ్య మెగ్నీషియం మాత్రలు కొంటానంటున్నాడా, వద్దని చెప్పు. ఆ ఇంజెక్షన్ చేసే పని మాత్రలు చెయ్యవు.

నా అసలు భయం వేరే ఉంది. కాన్పయిపోయింది కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు. కానీ కాన్పు తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య బీపీ మళ్లీ పెరగొచ్చు, ఆరు వారాల దాకా ఫిట్స్ వచ్చిన కేసులూ ఉన్నాయి. విడవని తలనొప్పి, చూపు మసక, పొట్ట పైభాగంలో నొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అమృతాంజనం రాసి పడుకోబెట్టకండి. అప్పటికప్పుడే 108కి ఫోన్ చెయ్యండి. బీపీ పై అంకె 160 గానీ, కింది అంకె 110 గానీ చేరినా, దాటినా, తలనొప్పి లేకపోయినా సరే.

ఇంకో మాట, ఇది అన్నయ్యకి చెప్పు. ఇలా బీపీ వచ్చినవాళ్లకి పెద్దయ్యాక పక్షవాతం, గుండెజబ్బు ముప్పు దాదాపు రెట్టింపు. ఏటా బీపీ చూపించుకోవాలి. మళ్లీ గర్భం వస్తే మూడో నెల నిండేలోపే డాక్టర్‌కి ఈ సంగతి చెప్పాలి, చిన్న మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు.

డిశ్చార్జ్ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. రోజూ రెండు పూటలా బీపీ చూసి అంకెలు కూడా పంపు. వదినని ఒక్కదాన్నే వదలొద్దని మీ అమ్మకి నా మాటగా చెప్పు.

నీ
పద్మ