నానమ్మ తప్పేం లేదమ్మలూ

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పాల్సింది. నా పార్కిన్సన్స్ జబ్బు మాత్ర పట్టు తగ్గే టైమ్ అది, మాట తడబడుతుందని ఊరుకున్నాను. స్పీకర్ ఆన్‌లో ఉందని నీకు తెలీదు. "మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుందిగా, అంటే నీకిది నానమ్మ నుంచే వచ్చిందా నాన్నా?" అన్నావు. పక్కనే ఉన్న నానమ్మ వినేసింది. అప్పట్నుంచి నా చొక్కా గుండీలు పెట్టడానికి వచ్చినప్పుడు నా మొహంలోకి చూడట్లేదు.

నువ్వు చదివింది తప్పు కాదు. కణానికి కరెంటు తయారుచేసే మైటోకాండ్రియాకి సొంతంగా 37 జన్యువులున్నాయి, అవి తల్లి నుంచే వస్తాయి. కానీ దానికి కావాల్సిన ప్రొటీన్లు వెయ్యికి పైనే. వాటిలో దాదాపు అన్నిటి జన్యువులూ కణం కేంద్రకంలోనే ఉంటాయి, అవి అమ్మ నుంచి ఒక కాపీ, నాన్న నుంచి ఒక కాపీ. నాలో చెడింది పార్కిన్ అనే జన్యువు, అదీ కేంద్రకంలోనే, ఆరో క్రోమోజోమ్ మీద ఉంటుంది. నానమ్మ దగ్గర్నుంచి ఒక చెడ్డ కాపీ వస్తే, తాతయ్య దగ్గర్నుంచి ఇంకొకటి వచ్చింది. ఇద్దరికీ చెరో మంచి కాపీ ఉండబట్టి ఎవరికీ చెయ్యి వణకలేదు, విషయమే తెలీలేదు. అలాంటి దంపతుల పిల్లల్లో రెండూ చెడ్డవే వచ్చే అవకాశం ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు. బాబాయి తప్పించుకున్నాడు. నాకు 36 ఏళ్ళకే పొద్దున లేచేసరికి ఎడమకాలి వేళ్ళు కొంకర్లు పోవడం మొదలైంది.

మరి మైటోకాండ్రియాకీ పార్కిన్‌కీ సంబంధమేంటంటే, అది చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది, జబ్బు నాదే అయినా. పార్కిన్ జన్యువు చేసే ప్రొటీన్ పేరూ పార్కినే. పింక్1 అని ఇంకో ప్రొటీన్ ఉంది. బాగున్న మైటోకాండ్రియా దాన్ని లోపలికి లాక్కుని ముక్కలు చేసేస్తుంది. ఛార్జ్ పడిపోయినదానికి లాక్కునే ఓపిక ఉండదు, పింక్1 గడప బయటే పోగుపడుతుంది. చాటింపు వేసినట్టే అది. విని పార్కిన్ వస్తుంది, చెడినదాని ఒళ్ళంతా యుబిక్విటిన్ అనే గుర్తులు అంటిస్తుంది, కణం దాన్ని తీసుకెళ్ళి అరిగించేస్తుంది. 2006లో ఈగల మీద చేసిన ప్రయోగాల్లో పింక్1 లేని ఈగల రెక్కలు వాలిపోయాయి. పార్కిన్ ఎక్కువిస్తే కోలుకున్నాయి. పార్కిన్ లేనివాటికి పింక్1 ఎంతిచ్చినా లాభం లేకపోయింది. చాటింపు ఎంత గట్టిగా వేస్తే ఏం, వచ్చేవాడే లేనప్పుడు. నా సంగతి అదే.

చెత్త ఒళ్ళంతా పేరుకుంటే మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లటి భాగమే ఎందుకు దెబ్బతినాలి అని అడుగుతావు. అక్కడ కదలికలకి కావాల్సిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు రాత్రీపగలూ ఆగకుండా కొట్టుకుంటూనే ఉంటాయి. ఒక్కో కణం తీగ లక్షల చోట్లకి పాకి ఉంటుంది. అంత సంసారాన్ని ఈదాలంటే కరెంటు చాలా కావాలి, ముందు కుంగేవి అవే. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళందరి కథా ఇది కాదులే. చాలామందికి వంశంలో ఎవరికీ ఉండదు.

ఇక నీ సంగతి. నా దగ్గర మంచి కాపీ లేదు కాబట్టి నీకు ఒక చెడ్డది వచ్చే తీరుతుంది, దాచను. కానీ అమ్మ వైపు నుంచి మంచిది వచ్చి ఉంటే, నాలాంటి జబ్బు నీకు రాదనే డాక్టరు చెప్పారు. టెస్టు చేయించుకోవాలో వద్దో నీ ఇష్టం. పిల్లల్ని కనాలనుకున్నప్పుడు నువ్వు చేసుకున్న అబ్బాయికి కూడా టెస్టు చేయిస్తే చాలు. దీనికోసం ఇప్పట్నుంచే టెన్షన్ పడి నిద్ర చెడగొట్టుకోకు.

కింద అక్షరాలు చీమల్లా అయిపోయాయి, మొదటి లైనుకీ దీనికీ పోలికే లేదు. ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదువు.

ఆరో క్రోమోజోమ్ గురించి నేను నానమ్మకి రెండుసార్లు చెప్పాను. "నా మనసు కోసం చెప్తున్నావు" అంటోంది. నువ్వు చెప్తే నమ్ముతుంది. తాతయ్య దగ్గర్నుంచి వచ్చిన కాపీ సంగతి ముందు చెప్పు. రాత్రి ఎనిమిది దాటాక చెయ్యి, ఫోన్ తన దగ్గరే పెడతాను.

నాన్న