మారిషస్‌లో ఒక్క పూటైనా అక్కడి తిండి పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మలక్‌పేట నుంచి పన్నెండు మందిమి ఒక టూర్ సంస్థ ద్వారా మారిషస్ వెళ్ళొచ్చాం. వంటవాళ్ళను వెంట తెచ్చారు. ఆరు రోజులూ అన్నం, పప్పు, సాంబారు, ఆవకాయ. పెద్దవాళ్ళకు అది సుఖమే, కాదనను. కానీ ఆ దీవి తిండి ఒక్క పూట కూడా పెట్టలేదు. అడిగితే, "మీకు పడదు మేడం" అన్నారు.

దక్షిణాన బువా షెరీ టీ తోట చూశాం, 1892 నాటిది. ఆకు వాడ్చి, నలిపి, పులియనిచ్చి, ఎండబెట్టే యంత్రాలన్నీ తిప్పి చూపించారు. కొండమీద, చెరువు కనబడేచోట కూర్చోబెట్టి వెనిలా టీ ఇచ్చారు. మరిగి చిక్కబడ్డ ఇరానీ చాయ్ తాగే నోటికి మొదట పల్చగా తోచింది. రెండో కప్పు నేనే అడిగి తాగాను.

తిరుగుదారిలో ధోల్ పూరీ బండి కనబడితే పట్టుబట్టి బస్సు ఆపించాను. ఉడికించిన పప్పు పొడిని పల్చటి రొట్టెలో పెట్టి కాలుస్తారు. మన బొబ్బట్టులో బెల్లం మానేసి ఉప్పు, జీలకర్ర వేసినట్టుంటుంది. బీహారు కూలీలు తీసుకెళ్ళిన వంట అది. రెండేసి చొప్పున అమ్ముతారు, మధ్యలో పెద్ద చిక్కుడుగింజల కూర, రుగాయ్ అనే టమాటా కూర, కొత్తిమీర పచ్చడి. ఆ పచ్చడిని బండి ఆవిడ 'సతిని కోతోమిలి' అంది. కరివేపాకు 'కరపులే' అట, మునగాకు 'బ్రెద్ మురుం' అట. మాటలు అరవానికే దగ్గర, కానీ ఆ ఆకులు మా అమ్మ పెరట్లోవే.

మా పుట్టిల్లు తాళ్ళరేవు. పక్కనే కోరంగి. 1839 తుపాను దెబ్బతీయకముందు పెద్ద ఓడరేవు. ఆ పేరు మీదే మారిషస్‌లో తెలుగువాళ్ళను 'కోరంగీలు' అనేవారు. చెరకు తోటల పనికి ఓడలెక్కి పోయినవాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ ఉగాది చేసుకుంటున్నారు, దేశమంతటికీ ఆ రోజు సెలవు. ఆ కూలీలు దిగిన పోర్ట్ లూయీ రేవు, ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మాకు అక్కడ ఇచ్చింది ఇరవై నిమిషాలు, షాపింగ్‌కు మూడు గంటలు.

నగరంలో టూర్లు నడిపేవారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం. ఒక్క మధ్యాహ్నం అరిటాకులో 'సెత్ కారి' పెట్టించండి. అక్కడి తమిళ, తెలుగు ఇళ్ళలో శుభకార్యాలకు వడ్డించే ఏడు కూరల భోజనం అది, పూర్తి శాకాహారం. నిష్ఠగా ఉండేవాళ్ళూ తినొచ్చు. ఆ పూటకు సాంబారు లేదని ఎవరమూ అడగం.

— ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్