మెడకు రేడియేషన్ అయ్యాక థైరాయిడ్ పరీక్ష

చి. ల. సౌ. శారదకు,

నాన్న ఆశీస్సులు. మీ మామగారికి రేడియేషన్ పూర్తయిందనీ, ముక్కులోంచి వేసిన పైపు తీసేశారనీ, రాగి జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం నోటితోనే తీసుకుంటున్నారనీ నువ్వు చెప్పాక మీ అమ్మకూ నాకూ మనసు కుదుటపడింది. ఎక్కువసేపు మాట్లాడితే నా గొంతు సహకరించదు కనుక, ఫోనులో చెప్పలేకపోయిన ఒక ముఖ్యమైన సంగతిని వివరంగా రాస్తున్నాను. అల్లుడిగారికి కూడా చదివి వినిపించు. బావగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళేది మీరిద్దరే కదా.

మెడకు రేడియేషన్ తీసుకున్నవారికి ఆ తర్వాత థైరాయిడ్ గ్రంథి పని మందగించే అవకాశం బాగా ఎక్కువ. ఆ గ్రంథి గొంతు ముందు భాగంలో, స్వరపేటికకు కాస్త దిగువన ఉంటుంది. బావగారికి క్యాన్సర్ పుండు లేచింది బుగ్గలోనే అయినా, ఆ వ్యాధి మెడలోని బిళ్ళలకు (లింఫ్ గ్రంథులకు) పాకే అవకాశం ఉంది కనుక ఆపరేషన్ తర్వాత అక్కడికీ కిరణాలు పంపారు. నాకు స్వరపేటిక పైభాగంలో వచ్చినప్పుడు కూడా అదే కారణం చెప్పి మెడ రెండు వైపులా ఇచ్చారు. రోజుకు సుమారు 2 గ్రేల (గ్రే అంటే కిరణాల మోతాదుకు కొలత) చొప్పున, వారానికి ఐదు రోజులు, ఆరేడు వారాలపాటు మొత్తం 60 నుంచి 70 గ్రేల దాకా ఇచ్చే ఈ చికిత్సలో, ఇప్పటి యంత్రాలు లాలాజల గ్రంథులనూ వెన్నుపామునూ చాలావరకు కాపాడగలుగుతున్నా, మెడ కింది భాగానికి కూడా కిరణాలు అవసరమైనప్పుడు థైరాయిడ్‌ను పూర్తిగా తప్పించడం కష్టం. గ్రంథిలోని కణాలూ సన్నని రక్తనాళాలూ అప్పుడు దెబ్బతింటాయి గాని, ఆ నష్టం నెలలూ ఏళ్ళూ గడిచాక గాని బయటపడదు. ఇలా జరిగేవారు నూటికి 20 నుంచి 50 మంది దాకా ఉంటారని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. ఎక్కువమందిలో మొదటి ఐదేళ్ళలోనే కనబడుతుంది, కొందరిలో ఇంకా ఆలస్యంగా వస్తుంది. ఆడవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. మన శ్రీకాకుళం వైపు అడ్డపొగ (చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని) తాగి అంగిట్లో క్యాన్సర్ తెచ్చుకుని మెడకు కూడా కరెంటు పెట్టించుకున్న ఆడవాళ్ళను తలచుకుంటే, వాళ్ళలో ఎంతమందికి ఈ పరీక్ష ఎవరైనా చేయిస్తున్నారో అని నాకు దిగులుగా ఉంటుంది.

లక్షణాలు చూసి పోల్చుకోవచ్చులే అనుకోవద్దమ్మా. నా సంగతే చెబుతాను. రేడియేషన్ అయిన రెండో ఏడాది, ఎండలు మండుతున్న చైత్రంలో నేను ఫ్యాను ఆపించి భుజాల మీద శాలువా కప్పుకుని కూర్చునేవాణ్ణి. వైద్యం తర్వాత నీరసం మామూలేనని అందరూ సరిపెట్టుకున్నారు. మలబద్ధకం వస్తే జావ తాగడం వల్ల అన్నారు, గొంతు బొంగురుపోతే రేడియేషన్ వల్ల అన్నారు, చదివిన పేజీ మళ్ళీ మళ్ళీ చదవాల్సి వస్తే వయసు మీద పడింది అన్నారు. చికిత్సలో చిక్కి శల్యమైన మనిషిని కదా, తిండి పెరగకపోయినా బరువు పెరుగుతుంటే చూడవచ్చిన ప్రతివారూ ‘ఒళ్ళు చేశారు, కోలుకున్నారు’ అని సంతోషించారు. మొహం ఉబ్బింది, కళ్ళ కింద వాచింది, అది కూడా గడ్డం కింద రేడియేషన్ మిగిల్చిన వాపులో కలిసిపోయింది. ఒక్కొక్క లక్షణానికీ నమ్మదగిన కారణం ఒకటి సిద్ధంగా ఉండటం వల్లే ఈ జబ్బు ఇంట్లో అందరి కళ్ళ ముందే దాగి ఉండగలిగింది. చివరికి రివ్యూలో ఒక చిన్న డాక్టరమ్మ నా చర్మం పట్టి చూసి, టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష రాసి ఇచ్చింది. ఆమె మేలు నేను మరువలేను.

మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోనే ఈ టీఎస్‌హెచ్. పాలేరు పనిలో వెనకబడితే ఆసామి ఇంకా గట్టిగా కేకవేసినట్టు, థైరాయిడ్ మందగించేకొద్దీ ఇది పెరుగుతుంది. అందుకే ఒంట్లో ఏమీ తెలియకముందే, రక్తంలో థైరాయిడ్ హార్మోనును చూపే ఫ్రీ టీ4 ఇంకా సరిగ్గానే ఉండగా, టీఎస్‌హెచ్ ఒక్కటి హెచ్చి కనబడుతుంది. అలాంటప్పుడు వెంటనే మందు మొదలుపెట్టాలా, కొన్నాళ్ళు చూడాలా అన్నది డాక్టరుగారు నిర్ణయిస్తారు. టీఎస్‌హెచ్ 10 దాటితే సాధారణంగా మందు ఇస్తారు. మెడకు రేడియేషన్ అయినవారికి ప్రతి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒకసారి ఈ పరీక్ష చేయాలన్నది వైద్యుల మార్గదర్శకాల్లో ఉన్న మాటే. నన్నడిగితే బావగారికి మొదటి ఐదేళ్ళూ ఆరు నెలలకోసారి తప్పకూడదు. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు ఏమైనా వాడుతుంటే, పరీక్షకు రెండు రోజుల ముందు ఆపమని చెప్పు. అవి కొన్ని ల్యాబుల్లో లెక్కను తారుమారు చేస్తాయి.

ఒకవేళ తేడా వచ్చినా బెంగపడవలసింది లేదు. శరీరం తయారుచేయలేని థైరాక్సిన్‌నే మాత్రగా ఇస్తారు, ఖరీదు కూడా తక్కువే. అయితే వేసుకునే పద్ధతిలో శ్రద్ధ కావాలి. పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంటసేపు కాఫీ కూడా ముట్టకూడదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. గ్యాస్ మాత్ర రోజూ వేసుకుంటున్నారని డాక్టరుగారికి చెప్పాలి, దానివల్ల కూడా మందు ఒంటబట్టడం తగ్గవచ్చు. మింగడం కష్టమైతే మాత్రను పొడిచేసి నీళ్ళలో కలిపి ఇవ్వవచ్చు. బావగారికి గుండెలో స్టెంటు ఉన్న సంగతి మాత్రం ముందే గుర్తుచేయండి. అలాంటివారికి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే గుండెకు భారం. మోతాదు మార్చిన ప్రతిసారీ ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష ఉంటుంది. మాత్ర వేసుకున్న మర్నాటికే హుషారు రాదు, నాకు కొన్ని వారాలు పట్టింది. ఆ ఓపిక లేక బావగారు మధ్యలో మానేయకుండా నువ్వు చూసుకోవాలి.

వచ్చే రివ్యూలో డాక్టరుగారు చీటీ రాస్తున్నప్పుడే టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ రాయమని అడుగు. ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షల్లో పాత టీఎస్‌హెచ్ రిపోర్టు ఉంటే అది కూడా ఫైల్లో పెట్టి తీసుకువెళ్ళు, పోల్చి చూడటానికి పనికివస్తుంది. రిపోర్టు రాగానే నాకు ఫోటో పంపు.

ఇట్లు,
మీ నాన్న