ఏం పని చేసేవారో కూడా అడగండి

సంపాదకుల వారికి,

మా నాన్నకు 78 ఏళ్లు. జీవితమంతా కుట్టుమిషన్ తొక్కిన దర్జీ. ఈమధ్య న్యుమోనియాతో పదకొండు రోజులు ఆసుపత్రి వార్డులో ఉన్నారు. మందుల్లో లోటు లేదు, వేళకు ఇచ్చారు. మిగతా పొద్దంతా ఆయన పైకప్పు చూస్తూ పడుకున్నారు. గోడ మీద టీవీ మోగుతూనే ఉండేది. కళ్లజోడేమో నా సంచిలో ఉండిపోయింది, అది నా తప్పే.

నాలుగో రోజు సాయంత్రం నన్ను గుర్తుపట్టలేదు. దుప్పటి అంచు లాగడం, సెలైన్ గొట్టం పీకడం మొదలుపెట్టారు. చేతిని గాజుగుడ్డతో మంచానికి కట్టేశారు. అది చూడలేక బయటికెళ్లి ఏడ్చాను. ఇలా ఉన్నట్టుండి మతి తప్పడాన్ని డెలీరియం అంటారని, ఆసుపత్రిలో పెద్దవాళ్లకు తరచూ వస్తుందని డాక్టర్ చెప్పారు.

మర్నాడు ఒక ఆయమ్మ నాన్న వేళ్ల కదలిక చూసి, "ఈయన ఏం పని చేసేవారమ్మా?" అంది. అన్ని రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న. చెప్పగానే నర్సునడిగి కట్టు విప్పించి, ఉతికొచ్చిన దిండు గలీబులు కొన్ని ఆయన ఒళ్లో పెట్టింది. నేను కళ్లజోడు పెట్టాను. నాన్న ఒక్కొక్కటీ తిరగేసి కుట్టు చూశారు. ఊడినవి పక్కన పెట్టి, మంచివి మడతపెట్టారు. ముప్పావుగంట గొట్టం జోలికి పోలేదు. "దారం వదులుగా ఉందమ్మా, రెండు ఉతుకులకే ఊడుతుంది" అన్నారు. అంతకుముందు ఎవరో పిల్లల రంగుల పుస్తకం ఇస్తే నెట్టేసిన మనిషి ఆయన.

ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే కాదు. అమెరికాలో డాక్టర్ షారన్ ఇనౌయే బృందం 70 ఏళ్లు, ఆపైన ఉన్న 852 మంది రోగులపై చేసిన అధ్యయనం 1999లో వెలువడింది. కబుర్లు, ఆటలు, నడిపించడం, కళ్లజోడు పెట్టించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం వంటివి అందినవారిలో 9.9 శాతం మందికి డెలీరియం వస్తే, మామూలు వార్డుల్లో 15 శాతం మందికి వచ్చింది. అందులో చాలా పనులు శిక్షణ పొందిన వాలంటీర్లే చేశారు.

నర్సులకు క్షణం తీరిక ఉండదు, కళ్లారా చూశాను. వాళ్ల మీద ఇంకో పని వేయమని అడగడం లేదు. కేస్ షీట్‌లో బీపీ, షుగర్ పక్కనే ఆ మనిషి ఏం పని చేసేవారు, ఏమిష్టం, ఏమని పిలిస్తే పలుకుతారు అని ఒక్క వరుస రాయించండి. అది చదివి, రోజూ అరగంట పక్కన కూర్చునే వాలంటీర్లను పెట్టండి. శిక్షణ ఇస్తే వారానికి రెండు సాయంత్రాలు నేను వస్తాను.

- ఒక దర్జీ కూతురు