మంగమారిపేట: మన మత్స్యకారుల సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది ఏం చేశామో, ఏం మిగిలిపోయిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం. లెక్కల పుస్తకం మీటింగ్‌లో పెడతాం, ఎవరైనా చూడొచ్చు.

ముందు ఒడ్డు సంగతి. మన ఒడ్డున సహజంగా ఏర్పడ్డ రాతి తోరణం ఫొటోలు ఫోన్లలో తిరగడం మొదలయ్యాక ఆదివారం తెల్లారకముందే వైజాగ్ నుంచి కార్లు, బైకులు వచ్చేస్తున్నాయి, సరిగ్గా అదే టైమ్‌కి మన బోట్లు కూడా ఒడ్డుకొస్తాయి. జనం రావడం మంచిదే, టీ కొట్లు నడుస్తున్నాయి, చేప అక్కడికక్కడే అమ్ముడవుతోంది. కానీ బండి తెచ్చి ఆరేసిన వల మీద ఆపితే ఎలా? తెగిన వల బాగుచేసుకునేదాకా ఆ ఇంటికి వేట లేదు. అందుకే రోడ్డు దగ్గరే తాడు కట్టి సెలవు రోజుల్లో కుర్రాళ్ళని వంతులేసి నిలబెట్టాం, చాలామంది మర్యాదగా చెప్తే విన్నారు. ఆడాళ్ళు నెత్తళ్ళు (చిన్న చేపలు) ఎండబెట్టే చోట మాత్రం ఇంకా తొక్కేస్తున్నారు, ఇసకంటిన సరుక్కి బేరగాళ్ళు రేటు తగ్గించేస్తారు, పొద్దుటి నుంచి ఎండలో తిరగేసిన కష్టమంతా పోతుంది. ఇంకోటి, తోరణం దగ్గర రాళ్ళు నాచు పట్టి జారతాయి, పాటు ఉండి నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడే వెళ్ళండి, పోటు మొదలై నీళ్ళు పెరుగుతుంటే వచ్చెయ్యండి అని వచ్చినోళ్ళకి మనమే చెప్పాలి. సముద్రం వాళ్ళకి తెలీదు, మనకి తెలుసు.

వేట నిషేధం ఎప్పట్లాగే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేప గుడ్లు పెట్టే కాలం గనక ఆపడం న్యాయమే, కానీ ఇంజిన్ బోటు కదలకపోతే ఇల్లు గడవాలి కదా. ఈసారి ప్రభుత్వ సాయం 10 వేల నుంచి 20 వేలకి పెరిగింది. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు ఉండి కొందరికి డబ్బు ఆగిపోతే వాళ్ళ కాయితాలు పట్టుకుని సంఘం తరఫున తిరిగాం. ఇంకా రానోళ్ళు ఉంటే దయచేసి ఇప్పుడే చెప్పండి.

జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొచ్చే రోజుల్లో రాత్రిళ్ళు ఒడ్డున ఫోన్ లైట్లు వెయ్యొద్దని పిల్లలే బోర్డులు రాశారు. పిల్ల తాబేళ్ళు వెలుతురు చూసి దారి తప్పుతాయని బడిపిల్లలు టూరిస్టులకి చెప్తుంటే చూడముచ్చటగా ఉంది.

అక్టోబర్ 28న మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది, మనకి వానా గాలీ తగిలాయి. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసినోళ్ళం గనక ముందే అందరం కలిసి బోట్లు పైకి లాగేశాం, ఇంజిన్లు ఇళ్ళకి చేర్చాం.

వచ్చే ఏడాది నెత్తళ్ళకి ఎత్తుగా ఒక సిమెంటు అరుగు కావాలని అర్జీ రాశాం, మీటింగ్‌లో చదువుతాం. ఆడాళ్ళు తప్పకుండా రావాలి, అది ఎక్కడ కట్టాలో వాళ్ళే చెప్పాలి.